పెంటయ్య యను పేరు

పేరు పెట్టువారు పెద్దలు. దానిని జీవితాంతము మోయువాడు బిడ్డ. కావున ఇతరుల పేర్లనుగూర్చి మాటాడునపుడు రెండు సంగతులు గమనింపవలెను. ఆ పేరును అతడు కోరి తెచ్చుకొనలేదు. దానిని పెట్టినవారు ఏదో యొక తలంపుతోనే పెట్టిరి.

తాండూరు తెలుగు సీమయు కన్నడ సీమయు కలియుచోట నున్నది. అచ్చటి పేర్లలో రెండు భాషల పోకడలును గలవు. బసప్ప యనగా బసవేశ్వరుని పేరనియు, భద్రప్ప యనగా ఆ పట్టణమున వెలసిన భద్రేశ్వరస్వామి పేరనియు వేరుగ చెప్పనక్కరలేదు. కాని తరగతిలో హాజరు పిలుచునపుడు 'పెంటయ్య' యను పేరు వినబడెనా, వెంటనే నవ్వులు పుట్టును. ఆ నవ్వు తగదని నా యభిప్రాయము.

పూర్వము మన పల్లెలలో మశూచి, కలరా మొదలగు వ్యాధులవలన శిశువులు విరివిగ మరణించుచుండిరి. వరుసగ బిడ్డలను పోగొట్టుకొనిన తల్లి మరల ప్రసవించినచో, ఆ పసికందును పెంటకుప్పపై క్షణకాలము పరుండబెట్టి తిరిగి యెత్తుకొనెడివారు. మగబిడ్డయైన పెంటయ్య యనియు, ఆడుబిడ్డయైన పెంటమ్మ యనియు పేరిడెడివారు. పారవేసినదానిని మృత్యువు కోరదని వారి నమ్మిక. బిడ్డ తమకు భిక్షముగ దొరకినదని చెప్పుకొనుటకై పెట్టిన భిక్షపతి యను పేరును ఇట్టిదే. కందికి పేరుపొందిన తాండూరు సీమలో రైతు పెంటను ఎరువుగ చల్లి చేనికి బలమిచ్చును. అతనికి ఆ మాటలో రోత తోచదు.

ఇట్టి యాచారము మన దేశముననే గాక ఇతర దేశములందును గలదు. రష్యాలో పూర్వము మగబిడ్డలకు 'నెక్రాస్' అను పేరు పెట్టుట కలదు. అందము లేనివాడని దాని యర్థము. ముద్దులొలుకు బిడ్డకు దృష్టి తగులకుండుటకై ఆ పేరు పెట్టెడివారు. నెక్రాసోవ్ అను ఇంటిపేరు దానినుండియే పుట్టినది. 19వ శతాబ్దమున ప్రసిద్ధుడైన నికొలాయ్ నెక్రాసోవ్ అను రష్యన్ కవి ఇంటిపేరు అదియే. ఆ పేరు ఆయన కీర్తికి అడ్డు రాలేదు.

"ఇది మూఢనమ్మకము గదా! నవ్విన తప్పేమి?" అని కొందరు అడుగవచ్చును. ఆ నమ్మిక సత్యము కాదు. ఏ పేరును ఏ బిడ్డను వ్యాధినుండి కాపాడలేదు. కాపాడినవి టీకాలు, మంచినీరు, వైద్యము. మన దేశమున 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకమునుపే మరణించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. మశూచి ప్రపంచమునుండి తొలగిపోయినదని 1980లో ప్రకటించిరి. కావున నేటి బిడ్డకు అట్టి పేరు పెట్టవలసిన అగత్యము లేదు. ఆ పేరు గలవారు మార్చుకొనదలచినచో మార్చుకొనవచ్చును. అది వారి యిష్టము. కాని తోటివారి నవ్వునకు వెరచి మార్చుకొనవలసి వచ్చినచో, దోషము నవ్వినవారిదే యగును. నమ్మిక తప్పైనను, దాని వెనుకనున్న దుఃఖము నిజమైనది.

విద్యార్థులారా! మీ యిండ్లలోని వృద్ధుల పేర్లకు అర్థమేమో అడిగి తెలిసికొనుడు. పెంటయ్య యను పేరు వినినపుడు, "ఈ బిడ్డయైన నాకు దక్కవలె" నని ఒక తల్లి కోరుకొనినదని తలంపుడు.