ఎస్టాబ్లిష్... పెట్టడమా, రుజువు చేయడమా?

స్కూలు బోర్డు మీద 'ఎస్టాబ్లిష్‌డ్ ఇన్ 1985' అని కనిపిస్తే ఆ ఏడాది స్కూలు పెట్టారని అర్థం. అదే మాట కోర్టు తీర్పులో 'నేరం ఎస్టాబ్లిష్ కాలేదు' అని వస్తే? నేరం రుజువు కాలేదని! ఒక చోట మొదలుపెట్టడం, ఇంకో చోట నిరూపించడం. పొంతన లేని ఈ రెండు పనులకీ ఇంగ్లీషువాడు ఒకే క్రియ ఎలా సరిపెట్టుకున్నాడు?

కిటుకు మాట పుట్టుకలో ఉంది. లాటిన్‌లో 'స్టాబిలిస్' అంటే కదలకుండా గట్టిగా నిలిచేది. సంస్థ పడిపోకుండా నిలబెడితే ఒక అర్థం, మాట ఎవరూ కాదనకుండా నిలబెడితే రెండో అర్థం. మన 'స్థాపన' కూడా నిలబడటం అనే అర్థమున్న 'స్థా' ధాతువు నుంచే వచ్చింది. రెండూ దూరపు చుట్టాలే. పండితులు 'సిద్ధాంతాన్ని స్థాపించాడు' అన్నప్పుడు వినిపించేది ఆ రెండో అర్థమే. మామూలు తెలుగులో మాత్రం పెట్టడం పెట్టడమే, రుజువు చేయడం రుజువు చేయడమే.

ఇంగ్లీషు వ్యాసాలు రాసే పిల్లలకు మొదటి అర్థంలోనే బోలెడు తికమక. ఖమ్మం ప్రాంత చరిత్రే దీనికి మంచి పాఠం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. ఇక్కడ 'ఫౌండ్' అని రాయాలి. ఇది 'ఫైండ్'కు భూతకాలం. సంస్థను నెలకొల్పడానికి 'ఫౌండ్' అని వేరే క్రియ ఉంది. దాని భూతకాలం 'ఫౌండెడ్'. రెండూ కలిపేసి 'కింగ్ ఫౌండెడ్ కోల్' అని రాస్తే బొగ్గును ఆయనే పుట్టించినట్టవుతుంది! 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ చట్టప్రకారం నమోదైంది. దానికి సరైన మాట 'ఇన్‌కార్పొరేట్'. సారపాక కాగితం మిల్లును కట్టి యంత్రాలు బిగించడం 'సెటప్', 1979లో ఉత్పత్తి మొదలవడం 'కమెన్స్'. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది కాబట్టి అది 'ఫార్మ్'. బస్టాండు దగ్గర టీకొట్టు పెడితే 'స్టార్ట్' చాలు. నాలుగేళ్లు నిలదొక్కుకుని, ఊరంతా ఆ టీ కోసం వచ్చే రోజొస్తే అప్పుడు 'ఎస్టాబ్లిష్' అనొచ్చు.

ఏ అర్థమో తేల్చుకోవడానికో చిన్న గుర్తు. 'ఎస్టాబ్లిష్' తర్వాత స్కూలో, కంపెనీయో వస్తే పెట్టడం. 'దట్' గానీ 'వెదర్' గానీ వస్తే రుజువు. నిజాలు, వయసు, గుర్తింపు లాంటి మాటలొచ్చినా రుజువే. మరి 'ప్రూవ్'తో తేడా ఏంటి? 'ప్రూవ్' అంటే ఇక మాట్లాడేందుకేం లేదన్నంత తేల్చేయడం. 'ఎస్టాబ్లిష్'లో ఒక్కో ఆధారం పేర్చుకుంటూ నిలబెట్టడం అనే ఛాయ ఉంది. 'షో' అయితే చూపిస్తే చాలు.

పరీక్షలో అయితే మాట తప్పితే పోయేది ఒక మార్కు. భద్రాచలం అడవి అంచున పోయేది భూమి.

దుమ్ముగూడెం, చర్ల వైపు ఒక కోయ కుటుంబాన్నే తీసుకోండి. తాతల నాడే పోడు కొట్టుకున్నారు, గట్లు వేశారు, గుడిసె కట్టారు. మొదటి అర్థంలో 'ఎస్టాబ్లిష్' ఎప్పుడో అయిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం అడిగేది రెండో అర్థం. 2005 డిసెంబరు 13కు ముందే ఆ నేల తమ అధీనంలో ఉందని ఆధారాలతో చూపాలి. పార్లమెంటులో బిల్లు పెట్టిన రోజు అది. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్నామని చూపాలి.

ఈ చట్టం మాటల్ని చాలా జాగ్రత్తగా ఎంచుకుంది. పేరులోనే 'రికగ్నిషన్' ఉంది, అంటే గుర్తింపు. ఇచ్చాం అని అర్థమొచ్చే 'గ్రాంట్' కాదు. హక్కు కొత్తగా మొదలవడం లేదు, ముందునుంచీ ఉన్నదాన్నే ఒప్పుకుంటున్నామని దాని భావం. మన వార్తల్లో మాత్రం 'హక్కులు కల్పించారు', 'పట్టాలు పంచారు' అనే వస్తుంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పోడు పట్టాల కార్యక్రమంలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పత్రాలిచ్చారు. అప్పుడూ ఎక్కువగా వినిపించిన మాట 'పంపిణీ'యే. పంచేది చీరలో, బియ్యమో అయితే ఆ మాట బాగానే ఉంటుంది.

గ్రామసభ పాత్రకు చట్టం వాడిన క్రియ 'ఇనిషియేట్'. 'స్టార్ట్' లాంటిదే గానీ, మొదటి అడుగు ఒకరు వేస్తే మిగతా దారి ఇంకొకరు నడిపిస్తారనే అర్థం అందులో ఉంది. నిజంగా జరిగేదీ అదే. గ్రామసభ దగ్గర మొదలైన దరఖాస్తు డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళ్తుంది. ఆఖరి మాట జిల్లా కమిటీది.

ఆధారంగా ఏం చూపాలి? ఓటరు కార్డు, రేషను కార్డు, ఇంటి పన్ను రసీదు పనికొస్తాయి. పాత గుడిసె, గట్టు, బావి, శ్మశానం, పూజలు చేసే చోటు కూడా ఆధారాలే. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టినా చెల్లుతుంది. వీటిలో ఒకటికి మించి ఉండాలి. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు రావచ్చు గానీ వాటి స్థానంలో కూర్చోకూడదు.

విచిత్రమేంటంటే ఇదే ఏజెన్సీలో రుజువు భారం తలకిందులైన చట్టం కూడా ఉంది. 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన, జనం నోట్లో '1/70'. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది గిరిజనేతరుడే. అక్కడ కోయ రైతు ఊరకున్నా చట్టం అతని పక్షాన మాట్లాడుతుంది. అడవిలో పోడు దగ్గరికొచ్చేసరికి అతనే మాట్లాడాలి.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల కష్టం ఇంకో రకం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక గొడవలకు భయపడి చాలామంది గోదావరి వైపు అడవుల్లోకి వచ్చి గూడేలు వేసుకున్నారు. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి కాబట్టి ఇక్కడ వారి హోదా మీద వివాదముంది. దానికి తోడు ఆ గూడెం ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న. 'ఎస్టాబ్లిష్' రెండు అర్థాలూ వారి విషయంలో ఒక్క తేదీ దగ్గరే ఢీకొంటాయి.

ఇక తిరస్కరణ. 1872 నాటి సాక్ష్య చట్టం ఓ సంగతిని మూడు రకాలుగా చూసింది. 'ప్రూవ్‌డ్' అంటే రుజువైంది. 'డిస్‌ప్రూవ్‌డ్' అంటే అబద్ధమని తేలింది. 'నాట్ ప్రూవ్‌డ్' అంటే అటూ ఇటూ తేలలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ మూడూ అలాగే ఉన్నాయి. రుజువు కాలేదన్నంత మాత్రాన అబద్ధం కాదన్నమాట! 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరణకు గురైన దరఖాస్తుదారులను అడవుల నుంచి ఖాళీ చేయించమన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది ఇక్కడే. వారంతా అబద్ధమాడారని తేలిందా, కాగితం దొరక్క ఆగిపోయారా? 28వ తేదీన కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపి, ఏ పద్ధతిలో తిరస్కరించారో చెప్పమని రాష్ట్రాలను అడిగింది.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. పై కమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువుంది. ఆ కాగితం చేతికందినప్పుడు చదువుకున్న పిల్లాడెవరైనా ఇంట్లో ఉంటే ముందు చూడాల్సింది అందులోని క్రియనే. ఆధారాలు చాలవన్నారా, చెప్పింది తప్పన్నారా? మొదటిదైతే ఊళ్లో పెద్దాయన చేత ఇంకో వాంగ్మూలం రాయించుకుని వెళ్లొచ్చు. రెండోదైతే వాళ్లు దేన్ని చూసి అలా అన్నారో ముందు అడగాలి.