కాడి లేని జోడు

2024 డిసెంబరు 5వ తేదీన శ్రీహరికోట నుండి లేచిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు, ఐరోపా అంతరిక్ష సంస్థవారి ‘ప్రోబా-3’ అను జంట ఉపగ్రహములను ఆకాశమునకు చేర్చినది. ఆ మంటను చూచి, ఆ ఉరుమును విని జనులు చప్పట్లు చఱచిరి. అది సహజమే. కాని అసలు ఘనకార్యము చప్పుడు లేనిది. 2025 మార్చి నెలలో ఆ రెండు ఉపగ్రహములు 150 మీటర్ల ఎడమున, మిల్లీమీటరు వరకు సరిచూచుకొనుచు, కొన్ని గంటలసేపు ఒకే వస్తువువలె నిలిచినవి. రాకెట్టునకు దక్కిన మెప్పులో సగమైనను ఈ నిలుకడకు దక్కలేదు. ఇది న్యాయము కాదు.

రెండెడ్లను జోడుగా నడుపుటకు కాడి కలదు, పగ్గములు కలవు, తోలువాని అదలింపు కలదు. ఆకాశమున ఇవేవియు లేవు. ప్రతి ఉపగ్రహమును తన కక్ష్యలోనే తిరుగును. భూమికి ఇంచుక దగ్గరగా నున్నది త్వరగా చుట్టివచ్చి ముందునకు పోవును. ఎత్తున నున్నది వెనుకబడును. వెనుకబడినదానిని తొందరపెట్టిన చాలునని తోచును. కాని వేగము పెంచినచో అది పై కక్ష్యకు లేచి మఱింత వెనుకబడును! ముందున్నదానిని అందుకొనవలెనన్న మొదట వేగము తగ్గించి క్రిందికి దిగవలెను. నేలమీద బండి తోలినవాని తెలివి అక్కడ కొఱగాదు.

ఇంత శ్రమ ఎందులకు? సూర్యుని చుట్టును ‘కరోనా’ అను పలుచని కాంతివలయము కలదు. అది సూర్యబింబముకంటె సుమారు పదిలక్షల రెట్లు మసక. సంపూర్ణ గ్రహణమున తప్ప అది కంటికి కానరాదు. ఆ గ్రహణమైనను ఒకచోట ఏడున్నర నిమిషములకు మించి నిలువదు. 1868 ఆగస్టు 18నాటి సూర్యగ్రహణమును పరిశీలించుటకై జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి గుంటూరు వచ్చెను. ఆ కొద్ది నిమిషములు ఒక మబ్బుతునక అడ్డుపడినచో ప్రయాణమంతయు వ్యర్థమే గదా!

ప్రోబా జంటలో ముందున్నది 1.4 మీటర్ల పళ్ళెముతో సూర్యుని కప్పును. ఆ నీడ వెనుకదాని దుర్భిణిపై పడును. ఈ పళ్ళెమును దుర్భిణికే అమర్చరాదా అని అడుగువారు కలరు. దగ్గరగా అమర్చినచో పళ్ళెపు అంచున వంగిన వెలుగు లోనికి చొరబడి, సూర్యుని దాపున నున్న భాగమును చూడనీయదు. దూరము పెరిగినకొలది ఆ చిక్కు తగ్గును. 150 మీటర్ల పొడవుగల యంత్రమును ఏ రాకెట్టు మోయగలదు? అందుచేత యంత్రమును రెండు చేసి, నడుమనున్న శూన్యమునే గొట్టముగా వాడుకొనిరి.

ఇట్టి జంట పగ్గములు నేలమీది మనుష్యుని చేతనే ఉండవలెనని కొందరి అభిప్రాయము. వారి భయము అకారణము కాదు. ఢీకొన్నచో రెండును పోవును. కాని మనుష్యుడు లెక్కకట్టి ఆజ్ఞ పంపులోపల మిల్లీమీటరు తేడా మీటరు కావచ్చును. కనుక ఆ పని ఉపగ్రహములకే వదలుట మేలు. కెమెరా తోడిదాని దీపములను గుర్తించును; లేజరు కిరణము పోయి, తగిలి, మరలివచ్చి దూరము చెప్పును; దుర్భిణి ముఖము చుట్టునున్న సాధనములు నీడ ఏ ప్రక్కకు జరిగినదో పసిగట్టును. అంతట ముందున్నది సన్నని వాయుధారలను చిమ్మి తన్ను తాను సవరించుకొనును.

ఎప్పుడు కూడవలెనో, ఎప్పుడు ఎడముగా పోవలెనో మాత్రము మనుష్యుడే ముందుగా నిర్ణయించెను. ఆ నిర్ణయము మెచ్చదగినది. ఈ జంట దాదాపు 20 గంటలకొకమారు భూమిని చుట్టును. భూమికి 600 కిలోమీటర్ల చేరువకు వచ్చునప్పుడు వేగము సెకనుకు 10 కిలోమీటర్లు. అక్కడ వరుస నిలుపబూనినచో ఇంధనము త్వరలో కరగిపోవును. 60,000 కిలోమీటర్ల పైయెత్తున భూమి లాగుడు స్వల్పము, వేగము సుమారు ఒక కిలోమీటరే. కావున అక్కడనే ఆరు గంటలు వరుసకట్టి, తక్కిన కాలము ఢీకొనని దారుల విడిగా సాగునట్లు ఏర్పాటు చేసిరి.

2025 జనవరి 16న మన దేశపు ‘స్పేడెక్స్’ ఉపగ్రహములు రెండు ఆకాశమున ఒకదానికొకటి అతుకుకొనినవి. దేశమంతయు సంతసించినది. ఒకదానినొకటి అంటక, గంటలకొలది ఒకే ఎడమున నిలుచుట వేఱొక విద్య. పరుల జంటను మోసిన శ్రీహరికోట నుండి అట్టి మన జంటయు ఒకటి లేవవలెను; దాని ఖర్చును గూర్చి చట్టసభలలో చర్చ వచ్చిననాడు, లేచిన రాకెట్టును మాత్రమేగాక, ఆ పిమ్మటి ఆరు గంటలను కూడ లెక్కలో చేర్చవలెను.