తొలి గిటార్: వేళ్లు చెప్పే మాట వినండి

డిగ్రీ చివరి ఏడాదిలోనో, కోచింగ్‌కి వెళ్లొచ్చే రోజుల్లోనో చాలామందికి గిటార్ నేర్చుకోవాలనిపిస్తుంది. ఇంట్లో చెబితే వచ్చే మొదటి మాట మీకు తెలిసిందే: ‘ముందు ఉద్యోగం చూసుకో, గిటారు తర్వాత!’ ఆ మాటను తప్పుపట్టలేం. అమ్మానాన్నల దగ్గర ప్రతి రూపాయికీ ఓ లెక్క ఉంటుంది. అయితే పొద్దున్నుంచీ ఆప్టిట్యూడ్ లెక్కలు, మాక్ టెస్టులు, ఫలితాల కోసం ఎదురుచూపులు... వీటి మధ్య రోజుకో అరగంట మనసుకు నచ్చిన పని ఒకటి ఉండటం కూడా అవసరమే. ఉద్యోగం వచ్చాక బోలెడు తీరిక దొరుకుతుందని ఎవరైనా అంటే, ఉద్యోగంలో చేరిన మీ సీనియర్‌ని ఒక్కసారి అడిగి చూడండి.

అందుకే నా సలహా సూటిగా చెప్పేస్తాను. కొనండి. కానీ పరీక్ష ఫీజు డబ్బుతో వద్దు, ఈఎంఐ మీద అసలే వద్దు. ట్యూషన్లు చెప్పుకొన్నదో, ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండో దాచుకుని కొనండి. కొనేటప్పుడు మాత్రం మరీ చౌకదానికి మొగ్గకండి.

తప్పు మీది కాకపోవచ్చు

అటకెక్కిన గిటార్లు మన ఊళ్లలో చాలా ఇళ్లలో కనిపిస్తాయి. కొన్న నెలకే ఎందుకు వదిలేశావంటే, ‘నాకు సంగీతం అబ్బదు’ అంటారు. ఆరంభ శూరత్వం అని పెద్దవాళ్లు ముద్ర వేసేస్తారు. చాలా సందర్భాల్లో అసలు కారణం వేరు. మరీ చౌకగా అమ్మే గిటార్లలో తీగలు మెడకు బాగా ఎత్తులో ఉంటాయి. వాటిని నొక్కి పట్టాలంటే వేళ్లు కోసుకుపోతాయి. ఎంత నొక్కినా స్వరం శుద్ధంగా పలకదు. శ్రుతి చేసిన పది నిమిషాలకే దిగిపోతుంది. పదేళ్లుగా వాయిస్తున్నవాళ్లకు కూడా చెమటలు పట్టించే గిటార్‌ని కొత్తవాళ్ల చేతిలో పెట్టి, రాలేదంటే వాళ్లనే తప్పుపట్టడం అన్యాయం.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ‘మీరు ఎంపిక కాలేదు’ అనే మెయిళ్లు ఎలాగూ వస్తూనే ఉంటాయి. రెండు వేలు మిగులుతాయని కొన్న ఓ చెక్కపెట్టె కూడా అదే మాట చెప్పాలా? తొలి గిటార్ విషయంలో ఆలోచించాల్సింది ఇదే. పోయేది డబ్బు ఒక్కటే కాదు, నేర్చుకోగలనన్న నమ్మకం కూడా.

ఏ రకం కొనాలి?

ముందు మీరు వాయించాలనుకుంటున్నది ఏమిటో తేల్చుకోండి. పాడుతూ తోడుగా వాయించుకోవాలంటే, సినిమా పాటలకు కార్డ్స్ పట్టాలంటే ఉక్కు తీగల అకౌస్టిక్ గిటార్ సరిపోతుంది. క్లాసికల్ గిటార్‌కు నైలాన్ తీగలుంటాయి. అవి వేళ్లకు మెత్తగా ఉంటాయి కానీ, మెడ వెడల్పు ఎక్కువ. నట్ దగ్గర క్లాసికల్‌కు దాదాపు 52 మిల్లీమీటర్లుంటే, ఉక్కు తీగల గిటార్‌కు 43 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చిన్న చేతులవాళ్లు రెండూ పట్టుకుని చూశాకే నిర్ణయించుకోవాలి. ఒక్క జాగ్రత్త: నైలాన్ గిటార్‌కు ఉక్కు తీగలు బిగించొద్దు. ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు నైలాన్ గిటార్ బ్రిడ్జి ఊడి రావచ్చు.

ఎలక్ట్రిక్ గిటార్ మీద తీగలు నొక్కడం తేలికే. కానీ దానికి యాంప్లిఫైయర్, కేబుల్ అదనం. ‘సెమీ అకౌస్టిక్’ పేరుతో అమ్మేవాటిలో పికప్ కోసం కూడా డబ్బులు కడతారు. స్టేజీ ఎక్కే ఆలోచన ఇప్పట్లో లేకపోతే ఆ డబ్బును మంచి మెడ, మంచి కీలలున్న గిటార్ మీద పెట్టడం మేలు.

సాలిడ్ టాప్ ఉంటేనే కొనాలని కొందరు బెదరగొడతారు. నాదం బాగుండే మాట నిజమే, ధర కూడా అలాగే ఉంటుంది. తొలి గిటార్‌కు పొరలు అతికించిన చెక్క చాలు. పైగా కాకినాడ ఉక్కపోతకైనా, రామగుండం ఎండకైనా అదే కాస్త ఎక్కువ తట్టుకుంటుంది.

షాపులో అయిదు నిమిషాల పరీక్ష

రంగు, మెరుపు, నున్నటి ఫొటోలు చూసి ఆర్డర్ పెట్టేయకండి. వీలైతే షాపుకి వెళ్లండి. వాయించడం వచ్చిన స్నేహితుడిని వెంట తీసుకెళ్తే మంచిది. లేకపోయినా ఫర్వాలేదు. జేబులో ఓ చిన్న స్కేలు, ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ ఉంటే చాలు.

మొదట ట్యూనర్ చూసుకుంటూ శ్రుతి చేయించండి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు వరస ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. కీలలు తిప్పుతుంటే వదులుగా జారకూడదు, బిగుసుకుపోకూడదు.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీ స్కేలుతో కొలవండి. రెండున్నర మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటే హాయిగా నొక్కొచ్చు. మూడు దాటితే వేళ్లకు శిక్షే.

మూడోది, అదే 12వ ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలితో తాకీతాకనట్టు తాకి మీటండి. గంటలాంటి సన్నని నాదం వస్తుంది. ఇప్పుడు అక్కడే నొక్కి మీటండి. తీగ సరిగ్గా సగమయ్యే చోటు అది. కాబట్టి రెండుసార్లూ ట్యూనర్‌లో ఒకే స్వరం, దాదాపు ఒకే చోట చూపించాలి. బాగా తేడా ఉంటే, మీరెంత శ్రద్ధగా వాయించినా మెడ పైభాగంలో అపస్వరమే పలుకుతుంది.

నాలుగోది, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి చూడండి. ఎక్కడైనా జుయ్‌మని రొద వస్తే అక్కడ ఫ్రెట్ ఎత్తు తేడా ఉన్నట్టు, లేదా మెడ వంగినట్టు. మెడ పక్కల చెయ్యి జార్చి చూడండి, ఫ్రెట్ల అంచులు గుచ్చుకోకూడదు.

చివరిగా, మెడలో ట్రస్ రాడ్ ఉందో లేదో అడగండి. తీగల లాగుడుకు మెడ వంగితే సరిచేసే ఇనుప కడ్డీ అది. చౌకవాటిలో కొన్నింటికి ఉండదు. అలాంటి మెడ వంగితే బాగుచేయించడం కష్టం.

బ్రాండు పేరు చూసి ఈ పరీక్షలు మానేయకండి. కోల్‌కతాలో తయారయ్యే గివ్సన్ అయినా, యమహా ఎఫ్280 అయినా, ఒకే మోడల్‌లో రెండు గిటార్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు. మీరు కొనేది ఆ ఒక్క గిటార్‌నే, కంపెనీ చరిత్రను కాదు. ఆన్‌లైన్‌లోనే కొనక తప్పకపోతే, వాపసు తీసుకునే గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ గడువులోపే ఇవన్నీ చేసేయండి.

డబ్బుల లెక్క

చేతిలో ఎనిమిది వేలున్నాయనుకోండి. ఎనిమిది వేల గిటార్ కొనకండి. ఆరు, ఆరున్నర వేల దగ్గర ఆగండి. మిగిలిన దాంట్లో బ్యాగు, అదనపు తీగల సెట్టు, ఒకట్రెండు ప్లెక్ట్రమ్‌లు, కేపో రావాలి. అన్నిటికన్నా ముఖ్యం సెటప్. గిటార్లు బాగుచేసేవాళ్లు మెడ సరిచూసి, బ్రిడ్జి మీది సాడిల్ అరగదీసి, తీగల ఎత్తు తగ్గించి ఇస్తారు. సాధారణ గిటార్‌ను కూడా వాయించబుద్ధయ్యేలా చేసేది ఈ చిన్న ఖర్చే. తీగలు కూడా 10 లేదా 11 గేజ్‌వి వేయించుకుంటే మొదటి నెలల్లో వేళ్లకు సుఖం.

అంత డబ్బు లేకపోతే? మూడు వేల కొత్తదానికన్నా అయిదు వేలకు దొరికే మంచి పాతదాని కోసం రెండు నెలలు ఆగడం నయమంటాను. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టు, వదిలేసినవాళ్లు తమ గిటార్‌ను సగం ధరకైనా ఇచ్చేస్తుంటారు. కాలేజీ గ్రూపుల్లో అడిగి చూడండి. పైన చెప్పిన పరీక్షలకు తోడు బ్రిడ్జి వెనుక చెక్క పైకి లేచిందా, మెడ అతికిన చోట పగులుందా అన్నవి మాత్రం తప్పకుండా చూసుకోండి.

కొన్నాక...

మొదటి మూడు నాలుగు వారాలు మంచి గిటార్‌తో కూడా వేళ్లు నొప్పెడతాయి. చివర్లు కాయలు కాసేదాకా అది మామూలే. జీ, సీ, డీ, ఈ మైనర్ కార్డ్స్ నాలుగూ వస్తే చాలా పాటలకు తోడు వాయించొచ్చు. ఎఫ్ కార్డ్ దగ్గర దాదాపు అందరూ ఆగిపోతారు. అక్కడ ఆగిపోయినంత మాత్రాన మీకు రాదని కాదు. ఎండలో బైకు మీద, కారులో గిటార్‌ను వదిలి వెళ్లకండి. వేడికి జిగురు వదులుతుంది.

రెజ్యూమెలో ‘హాబీ: గిటార్’ అని రాసేయడానికి మాత్రం తొందరపడకండి. ఇంటర్వ్యూలో ‘ఏం వాయిస్తారు?’ అని అడిగితే తడుముకోకుండా ఒక పాట పేరు చెప్పగలిగిన రోజున రాయండి. గిటార్ ఉద్యోగం తెచ్చిపెడుతుందని నేను చెప్పను. రోజుకు అరగంట, ఎవరూ మార్కులు వేయని చోట, నిన్నటికన్నా ఈ రోజు కొంచెం బాగా వచ్చిందని మీ చెవులతో మీరే వింటారు. ఫలితాలు వెలువడే దాకా ఎదురుచూసే రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆ అరగంట దక్కాలంటే, ఈ వారాంతంలో షాపుకి వెళ్లేటప్పుడు జేబులో స్కేలు పెట్టుకోవడం మరిచిపోకండి.