గృహశిల్పము: తెరచాపల యోడ

స్వతంత్ర భారతమునఁ గట్టిన మొదటి పెద్దయోడ ‘జల ఉష’ను 1948 మార్చి 14వ తేదీని మన విశాఖపట్టణమున నెహ్రూగారు నీటఁ బ్రవేశపెట్టిరి. అంతకు ఎన్నియో శతాబ్దములకు ముందే, 2వ శతాబ్దమున, యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల తెరచాపయోడ వెలసెను. ఈ సెలవులలోఁ బిల్లలచే ఆ యోడబొమ్మను జేయింపుఁడని మా సూచన.

ఏటికొప్పాక బొమ్మల అంకుడుకఱ్ఱ మెత్తనిది; చిన్నచేతులకును లొంగును. ఓడకొయ్యలు గుండ్రనివి గనుక, తరిమెనపైఁ దిరుగుచుండఁగా రంగులక్క నొత్తినచో, రాపిడివేడికిఁ గరఁగి పట్టును. మొగలియాకుతో రుద్దిన నిగనిగలాడును. ఓడ యొడలు గుండ్రము గాదు. దానికిఁ గుంచెయే శరణ్యము. సీసము గలిసిన రంగులు పసివాండ్రున్న యింటికిఁ దగవు. పసుపు, నీలిమందు మేలు.

మఱియొక మాట. ఉలియుఁ గొలబద్దయుఁ గొడుకున కిచ్చి, తెరచాప కుట్టుట మాత్రమే కూఁతునకు విడుచుట మన యిండ్ల వాడుక. బొమ్మనుజూచి పాళ్లు లెక్కగట్టుట, కఱ్ఱపోఁగు నెఱిఁగి చెక్కుట బుద్ధికి సాన. ఆ సాన యాఁడుబిడ్డకేల లేకుండవలయును? ఉలి యామెకును, సూది వానికిని ఇండు. ఓడయు బాగుండును, ఇద్దఱును బాగుపడుదురు.