మునిగిన ఓడలను తేల్చే సాఫ్ట్‌వేర్

మొన్నొక టీవీ చర్చలో రక్షణరంగ నిపుణుడొకాయన ఇకమీదట యుద్ధాల ఫలితం ముందే తెలిసిపోతుందని సెలవిచ్చారు. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో పదివేలసార్లు ఆడించి చూస్తారట. ఏ వ్యూహం గెలుస్తుందో అదే చెప్పేస్తుందట. యాంకరమ్మ కళ్లింత చేసుకుని వింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు అంకెలు ఎవరు పోస్తారని మాత్రం అడగలేదు.

2002 జులైలో అమెరికా సైన్యం ‘మిలీనియం ఛాలెంజ్’ అని ఒక మహా యుద్ధక్రీడ మొదలుపెట్టింది. ఖర్చు 25 కోట్ల డాలర్లు. 13 వేలమందికి పైగా పాల్గొన్నారు. కొంత నిజమైన విన్యాసం, మిగతాదంతా కంప్యూటర్లలో. నీలం జట్టు అమెరికా. ఎరుపు జట్టు గల్ఫ్‌లో ఉండే ఒక ఊహాశత్రువు. దానికి నాయకుడు పాల్ వాన్ రైపర్, మెరైన్ దళంలో లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరైన ఘటికుడు. ఫోన్లూ రేడియోలూ వాడితే నీలం జట్టు వినేస్తుందని కబుర్లు మోటారుసైకిళ్ల మీద పంపించాడు. విమానాలకు దీపాలతో సైగ చేయించాడు. లొంగిపొమ్మని హెచ్చరిక రాగానే, వాళ్లు కొట్టేదాకా ఎందుకాగాలని క్షిపణులన్నీ ఒక్కపెట్టున వదిలాడు, వెనకే చిన్న పడవలు తోలాడు. విమానవాహక నౌకతో సహా 16 యుద్ధనౌకలు మునిగాయి. నిజంగా జరిగి ఉంటే 20 వేల ప్రాణాలు పోయేవని లెక్కగట్టారు.

అప్పుడేం చేశారు? ఆట ఆపి, మునిగిన ఓడలను కంప్యూటర్‌లో తేల్చారు! పైగా ఎరుపు జట్టుకు ఆంక్షలు: నీ రాడార్లు ఆన్ చేసిపెట్టు, మేం కొడతాం, మా సైనికులను దించే విమానాల జోలికి రాకు. వాన్ రైపర్ చిర్రెత్తి నాయకత్వం వదిలేశాడు. నీలం జట్టు దిగ్విజయంగా గెలిచింది. మొదట్లోనే చచ్చామని మిగిలిన రోజులన్నీ ఖాళీగా కూర్చోలేం కదా అని పెద్దల సంజాయిషీ. పులీమేకా ఆటలో చచ్చిన మేకను మళ్లీ గడిలో పెట్టేవాణ్ణి మా ఊళ్లో పిల్లలు అరుగు మీంచి గెంటేసేవాళ్లు.

తప్పు మనిషిది, సాఫ్ట్‌వేర్‌ది కాదంటారు. ఈ వాదన విని విని చెవులు చిల్లులు పడ్డాయి. 1942లో జపాన్ నౌకాదళం మిడ్‌వే దాడికి ముందు యమాటో ఓడలో పాచికలతో యుద్ధక్రీడ ఆడింది. తమ నౌకలకు తొమ్మిది బాంబులు తగిలాయని నిర్ణేత లెక్క తేలిస్తే, అడ్మిరల్ ఉగాకి అడ్డుపడి మూడే అన్నాడట. మునిగిన కాగా నౌక కూడా తర్వాతి ఆటలో లేచి కూర్చుంది. ఈ సంగతంతా ఆ యుద్ధంలో ఉన్న జపాన్ నౌకాదళ అధికారి ఫుచిదాయే రాశాడు. నెల తిరిగేసరికి అసలు సముద్రంలో నాలుగు విమానవాహక నౌకలు పోయాయి. అయితే చూడండి, పాచికలతో మోసం చేస్తే చుట్టూ ఉన్నవాళ్లు చూశారు, ఒకడు రాసి పెట్టాడు. అదే ప్రోగ్రామ్‌లో క్షిపణి తగిలే అవకాశం 40 శాతం ఉన్నచోట 70 అని కొడితే ఎవడు చూస్తాడు? స్క్రీన్ మీద రంగురంగుల గీతలు మాత్రం అలాగే ఉంటాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే పెద్దమనిషికి ఇంతకంటే ఏం కావాలి!

గీతలంటే గుర్తొచ్చింది. 2021లో అఫ్గానిస్తాన్ పంజ్‌షీర్ మీద దాడి చేస్తున్న పాకిస్తాన్ విమానమంటూ మన దేశంలో కొన్ని చానెళ్లు గగ్గోలుపెట్టి చూపించిన దృశ్యం ‘ఆర్మా 3’ అనే వీడియోగేమ్‌లోది. ఇదీ మన నిపుణులను కూర్చోబెట్టే స్టూడియోల చూపు! ఆ గేమ్ తయారీదారు 2022లో, మా బొమ్మలను యుద్ధవార్తలుగా చూపించకండి బాబూ అని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది.

శిక్షణకు పనికొస్తుంది కదా అంటే పనికొస్తుంది. హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ తయారుచేసే సిమ్యులేటర్ల మీద జవాన్లు తూటా ఖర్చులేకుండా గురి నేర్చుకుంటారు. దాంతో నాకు పేచీ లేదు. గురి నేర్పడం వేరు, జాతకం చెప్పడం వేరు.

మరేం చేయమంటావంటారా? అదే 1942లో లివర్‌పూల్‌లో, క్షయ వచ్చి బ్రిటన్ నౌకాదళం పంపించేసిన గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని మళ్లీ పిలిచి జర్మన్ జలాంతర్గాములను ఎలా ఎదుర్కోవాలో తేల్చే పని అప్పగిస్తే, ఒక గది నేలనే సముద్రం చేశాడు. సుద్దముక్కలతో ఓడల దారులు గీయించాడు. ఆడేవాళ్లు గుడ్డతెర కంతల్లోంచి మాత్రమే చూడాలి, ఎందుకంటే నిజమైన సముద్రంలోనూ అంతే కనిపిస్తుంది. నడిపింది నౌకాదళంలో చేరిన కుర్ర అమ్మాయిలు. జలాంతర్గాముల్లో తలపండిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ అక్కడ జలాంతర్గామి పక్షాన ఆడి, ఒక అమ్మాయి చేతిలో వరసగా ఓడిపోయాడు. ఆటను మాత్రం ఆపించలేదు.

అలాంటి గది ఒకటి మనకూ కావాలి. శత్రువు కుర్చీలో కూర్చునేవాడి ప్రమోషన్ ఆ గదిలో ఉన్న ఎవరి చేతిలోనూ ఉండకూడదు. వాణ్ణి ఎవరు ఎంపికచేయాలి, ఎక్కణ్ణుంచి తేవాలి అంటే, అది కూర్చుని తేల్చుకోవచ్చు. ఈలోగా పదివేలసార్లు ఆడించామని ఎవరైనా అంటే, అందులో శత్రువు ఎన్నిసార్లు గెలిచాడో, గెలిచిన ప్రతిసారీ మీరేం మార్చారో ఆ చిట్టా బయటపెట్టమనండి.