దుకాణం పేరు ఆడవాళ్లది, తాళంచెవి ఎవరిది?

నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలు కొందరు ఒక జట్టుగా ఏర్పడి, దళారీల ప్రమేయం లేకుండా ఇంటర్నెట్‌లో సొంత దుకాణం పెట్టుకోవాలనుకున్నారు. దానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో చూసిపెట్టమని నన్నడిగారు. సరుకుల ఫోటోలు, ధరలు, కొనేవాళ్లు ఏరుకుని వేసుకునే బుట్ట, డబ్బు కట్టే చోటు, ఆర్డర్ల లెక్క, వీటన్నిటినీ ఒక్కచోట అమర్చే సరంజామాను షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. ఇది కంప్యూటర్ తెలిసినవాళ్లు తేల్చవలసిన సంగతి, స్త్రీల సంఘాలకు ఇందులో పనేమిటి అని మనలోనే కొందరంటారు. నేనలా అనుకోవడం లేదు. ఖాతా ఎవరి పేరున ఉంటుంది, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది, కొన్నవాళ్ల చిరునామాలు ఎవరి దగ్గర మిగులుతాయి? ఇవి నిస్సందేహంగా హక్కుల ప్రశ్నలే.

ఈ లేసు చరిత్ర తెలిసినవారికి నా అనుమానం అర్థమవుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన ఈ అల్లిక మీద జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టు కోసం రోజంతా అల్లుతున్న స్త్రీలను అందరూ ‘ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులు’గానే చూశారనీ, ఆ మాట చాటునే కూలి అంత తక్కువగా ఉండగలిగిందనీ ఆమె చూపించారు. అల్లే చేతులు స్త్రీలవి. ఎగుమతి వ్యాపారం, విదేశీ కొనుగోలుదారులతో ఉత్తర ప్రత్యుత్తరాలు పురుషులవి. లేసు ఎక్కడికి పోతోందో, ఎంతకు అమ్ముడవుతోందో అల్లిన మనిషికి తెలియదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది గానీ, కొనేవాళ్ల చిరునామాల పుస్తకాన్ని అల్లేవాళ్ల చేతికి తెచ్చి ఇవ్వదు. నా దృష్టిలో ఆన్‌లైన్ దుకాణం వల్ల స్త్రీలకు రాగల అసలు లాభం ఆ చిరునామాల పుస్తకమే.

ఈ సాఫ్ట్‌వేర్లు స్థూలంగా రెండు రకాలు. ఒకటి నెలనెలా అద్దె కట్టి వాడుకునేది. షాపిఫై ఈ కోవలోకి వస్తుంది. రెండోది మనమే సర్వర్‌లో చోటు తీసుకుని పెట్టుకునేది. వూకామర్స్, ఓపెన్‌కార్ట్ ఇలాంటివి. వీటికి లైసెన్సు రుసుము లేదు, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. షాపిఫై పుట్టుక కొంచెం తమాషా అయినది. మంచుమీద జారే బోర్డులు అమ్మే చిన్న దుకాణం పెట్టుకున్న కెనడా యువకులు కొందరు తమకు నచ్చిన సాఫ్ట్‌వేర్ దొరక్క సొంతంగా ఒకటి రాసుకున్నారు. తర్వాత 2006లో దాన్నే ఇతరులకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. తమ అవసరాన్ని తామే కోడ్‌గా రాసుకోగలిగినవారి కథ అది. అతుకుపని చేసే స్త్రీకి ఆ వీలు లేదు. ఎవరో ఎవరి కోసమో రాసినదాంట్లో ఆమె తన పనిని ఇముడ్చుకోవాలి.

మన మిత్రుల్లో చాలామంది రెండో రకమే తీసుకోవాలని గట్టిగా వాదించారు. విదేశీ కంపెనీకి నెలనెలా అద్దె కట్టడమేమిటి, సొంతం చేసుకోగలిగినది ఉండగా అన్నారు. సూత్రంగా నేనూ ఆ పక్షమే. కానీ ‘సొంతం’ అన్న మాటను ఆస్తి హక్కుల సందర్భంలో మనం ఎంత అనుమానంగా చూస్తామో ఇక్కడా అంతే అనుమానంగా చూడాలి. పొలం పట్టా భార్య పేర ఉండి, కౌలు డబ్బు భర్త చేతికి వెళ్లే ఇళ్లు మనకు తెలియనివి కావు. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు వేస్తూ ఉండాలి, బ్యాకప్ తీస్తూ ఉండాలి, ఒక ప్లగిన్ మరోదానితో పొసగక దుకాణం తెరుచుకోకపోతే రాత్రికి రాత్రి సరిచేయాలి. ఆ పని చేయగలవారు జట్టులో ఎవరూ లేనప్పుడు అది ఒక డెవలపర్ చేతిలో పడుతుంది. ఈ జట్టు దగ్గరకు వచ్చిన డెవలపర్ డొమైన్ పేరు తన పేరున, సర్వర్ ఖాతా తన పేరున, అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. “మీకెందుకమ్మా ఈ తలనొప్పి, ఆర్డర్లు వస్తే నేను ఫోన్ చేసి చెప్తాగా” అన్నాడట. మనిషి చెడ్డవాడేం కాదు. దళారీ కూడా సరిగ్గా ఈ మాటే, ఇంత మర్యాదగానే చెబుతూ వచ్చాడు కదా!

అందుకే నేను అద్దె రకంతో మొదలుపెట్టమన్నాను. ఫోన్‌లోంచే ఫోటో పెట్టి, ధర వేసి, ఆర్డర్ చూసుకోవడం అందులో వీలవుతుంది. డొమైన్ పేరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జట్టు పేరునే, విడిగా కొనాలి. కొన్నవాళ్ల జాబితా, సరుకుల జాబితా, ఆర్డర్లు ప్రతి నెలా ఫైలుగా దింపుకుని జట్టు దగ్గర దాచుకోవాలి. అప్పుడు అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినా సామాను మనతో వస్తుంది. ఈలోగా జట్టులో చదువుకున్న ఇద్దరు అమ్మాయిలు నేర్చుకుంటే రెండేళ్లకు సొంత ఏర్పాటుకు మారవచ్చు.

ఫోన్ సంగతి తేలిగ్గా తీసేయకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. చాలా ఇళ్లలో ‘అమ్మ ఫోన్’ అంటే కొడుకు జేబులోది. ఓటీపీ అక్కడికే పోతుంది. దుకాణం ఖాతాకు ఇచ్చే నంబరు జట్టు డబ్బుతో కొన్న విడి సిమ్ అయి ఉండాలని నేను పట్టుబట్టింది ఇందుకే.

డబ్బు వచ్చే దారిలోనూ ఇదే చిక్కు. పేమెంట్ గేట్‌వే సంస్థలు పాన్, బ్యాంకు ఖాతా, వ్యాపారానికి రుజువు అడుగుతాయి. రిజిస్టరు కాని జట్టుకు వ్యాపార రుజువు ఉండదు. దగ్గరి దారి ఏమిటంటే ఎవరో ఒకరి భర్త పేర వ్యాపారం చూపించడం. ఆ దారి వద్దు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకుని, సంఘం పేర ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు పెట్టుకుంటే ఆలస్యమైనా డబ్బు సంఘానిదే అవుతుంది. జీఎస్టీ విషయంలో చేతివృత్తుల సరుకును రాష్ట్రం దాటి అమ్మేవారికి కొంత టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. అది తమకెంతవరకు వర్తిస్తుందో లెక్కలు చూసేవారిని ముందే అడగాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న గడి ఉంది. సరుకు అయిపోయాక కూడా ఆర్డర్లు తీసుకోవాలా, వద్దా అని అడుగుతుంది. ఫ్యాక్టరీ సరుకుకు ఇది గోదాము సమస్య. లేసుకు ఇది ఎవరి నిద్ర అన్న సమస్య. బల్లగుడ్డ ఒకటి కావాలంటే పువ్వులు అల్లేవారు వేరు, వాటిని అతికేవారు వేరు, ఆ తర్వాత ఉతికి ఇస్త్రీ చేయాలి. పండుగ ముందు ఆ గడి తెరిచి ఉంచితే ఆర్డర్లు కుప్పపడతాయి. ‘వారంలో పంపుతాం’ అని తెర మీద మాట ఇచ్చేది సాఫ్ట్‌వేర్, ఇంటెడు చాకిరీ ముగించుకుని బల్బు కింద కళ్లు చికిలించుకుని అల్లేది ఆమె. ఆ గడి మూసి ఉంచండి, ఒక్కో సరుకు పక్కన అల్లడానికి పట్టే రోజులు రాయండి అన్నాను. ధర వేసే గడికి వెనుక గంటల లెక్క రాసుకునే చోటు నేను చూసిన ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఇంటిపనికి లెక్క లేనట్టే! ఆ లెక్కకు ఒక పుస్తకం వేరే పెట్టుకోవలసి వచ్చింది.

ఒక్కో స్త్రీని ఒక్కో ‘విక్రేత’గా చేర్చే ప్లగిన్లు కూడా ఉన్నాయి. స్వయంశక్తి పేరిట వీటిని మెచ్చుకునేవారున్నారు. నేను వ్యతిరేకించాను. ఒకే తెర మీద పక్కపక్కనే కూర్చోబెడితే ఒకరి ధర చూసి మరొకరు పది రూపాయలు తగ్గిస్తారు. వెనక్కి వచ్చిన సరుకు నష్టం ఎవరిది వారే భరిస్తారు. ఇక జట్టు దేనికి? పువ్వు ఒకరిది, అతుకు మరొకరిది అయినప్పుడు విక్రేత ఎవరని రాస్తాం?

పాస్‌వర్డ్ కాగితం పొదుపు పాస్‌బుక్‌తో పాటు పెట్టెలో ఉండాలని, ఇద్దరు కలిసి ఉన్నప్పుడే మార్చాలని జట్టు తీర్మానం రాసుకుంది. తేలనిది ఇంకొకటుంది. సరుకు పక్కన అల్లినవారి పేరు, ఫోటో వేస్తే కొనేవాళ్లకు నచ్చుతుందని అమ్మాయిల వాదన. పెద్దవాళ్లు కొందరు పేరు చాలు, ఫోటో వద్దంటున్నారు. ఒకావిడ తన పేరు కూడా వద్దంది. తాను సంపాదిస్తున్నది ఇంట్లో తెలిస్తే అది తన చేతిలో మిగలదట. ఎవరు రాసి ఇచ్చినంత మేరకే వారి వివరాలు వేయాలని ప్రస్తుతానికి అనుకున్నారు. ఆమె అల్లినవాటి దగ్గర ఊరి పేరు ఒక్కటే ఉంటుంది.