గబ్బిలం మీద కోపం, పండు ఈగ మీద జాలి

మామిడి, జామ, సపోటా తోటలున్నవాళ్లు ఎక్కువమంది అడిగేది ఒకటే: "గబ్బిలాలకి ఏం చెయ్యాలి?" పండు ఈగ గురించి అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క.

పెద్ద గబ్బిలం రెక్కలు చాపితే నాలుగడుగులు. రాత్రంతా గోల చేస్తుంది, కొరికి కింద పడేస్తుంది. నష్టం కళ్లకి కనబడుతుంది కాబట్టి కోపం వస్తుంది. కానీ అది వెతికేది పండిన పండు. మనం మామిడి కోసేది పక్వానికొచ్చిన కాయ. సకాలంలో కోస్తే దానికి దొరికేది తక్కువే. పైగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది.

పండు ఈగ సైజు ఇంట్లో ఈగంత. చప్పుడుండదు. ఆడ ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో వెయ్యికి పైగా పెట్టగలదు. పురుగు లోపల గుజ్జు తింటుంటే కాయ పైకి బాగానే ఉంటుంది. పండు రాలాక పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది.

అసలు తేడా ఇక్కడుంది. గబ్బిలం కొరికిన పండు గంపలోకే రాదు. పురుగున్న పండు కొన్నవాళ్ల ఇంటిదాకా పోతుంది, మన పేరూ పోతుంది. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన దేశం మామిడిని ఆపేసింది పండు ఈగల వల్లే. 2015లో గానీ మళ్లీ దారి తెరవలేదు.

గబ్బిలం మనకి పని కూడా చేస్తుంది. ఇప్ప పూలకి పరాగసంపర్కం చేస్తుంది, విత్తనాలు దూరం మోస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణలో ఆ జాబితానే తీసేశారు. సన్న నైలాన్ వల కడితే ఎలుకల్ని పట్టే గుడ్లగూబ కూడా అందులో చిక్కి చస్తుంది.

అందుకే వల డబ్బులు ఈగ మీద పెట్టండి. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు ఎలా కట్టాలో వీడియోలో చూపించాను. అయితే వాటిలో పడేది మగ ఈగలే. కాబట్టి రాలిన పండ్లు రోజూ ఏరి, రెండడుగుల లోతున పూడ్చండి. చెట్ల కింద మట్టి పైపైన కదిపితే లోపలి కోశాలు ఎండకీ, చీమలకీ, పిట్టలకీ దొరుకుతాయి. గబ్బిలం కొరికిన పండ్లు మాత్రం మనం తినకూడదు, పశువులకీ వెయ్యకూడదు. నిఫా వైరస్ భయం ఉంది. వాటినీ అదే గోతిలో వెయ్యండి.

రోజూ ఒక్క గంపెడు పని. పెద్ద శత్రువు దీనికే లొంగుతుంది.